సొమ్ము నడచు త్రోవలు

నిజాము కాలమున సికింద్రాబాదు వర్తకుని గల్లాపెట్టెలో రెండు రకముల రూపాయలుండెడివి. కంటోన్మెంటులో చెల్లునది బ్రిటిషువారి కల్దారు. హైదరాబాదు నగరమున చెల్లునది హాలీసిక్కా. ఏడు హాలీ రూపాయలు ఇంచుమించు ఆరు కల్దార్లకు సమానము. ఈ లెక్క చూడనివానికి నష్టమే. నేడు రూపాయి ఒక్కటే యైనను అది చేతులు మారు త్రోవలు పెక్కు. ఏ త్రోవకు ఏ కాపుదల గలదో గృహస్థు ఎరిగియుండవలెను.

వీనిలో పాతది చెక్కు. 1881 నాటి చట్టమే నేటికిని దీనికాధారము. చెక్కుపై రెండు అడ్డగీతలు గీచి, వాని నడుమ 'అకౌంట్ పేయీ' అని వ్రాసినచో, ఆ సొమ్ము పేరుగలవాని ఖాతాకే చేరును. కౌంటరు వద్ద నగదుగా నీయరు. తేదీ మొదలు 3 మాసములే చెల్లుబాటు. 2012 ఏప్రిల్ 1కి పూర్వము 6 మాసములుండెడిది గావున వృద్ధులు కొందరు నేటికిని పొరబడుచున్నారు.

2016లో వచ్చిన యూపీఐ వలన మోండా మార్కెట్టులో కొత్తిమీర కట్టకు సైతము ఫోనుతోనే చెల్లింపు జరుగుచున్నది. దీనికి కాపుదల పిన్ను అను రహస్యసంఖ్య. ఇది సొమ్ము ఇచ్చునప్పుడే అవసరము. పుచ్చుకొనుటకు దీనితో పనిలేదు. "మీకు డబ్బు పంపితిమి, పిన్ను కొట్టుడు" అని ఫోనులో పలుకువాడు నిస్సంశయముగా దొంగ. మోసపోయినచో సిగ్గుపడి దాచరాదు. తత్‌క్షణమే 1930కి ఫోను చేసి, తన బ్యాంకునకును తెలుపవలెను. ఆలసించిన కొలది ఆ సొమ్ము ఖాతా నుండి ఖాతాకు మారిపోవును.

ఇక నిలువ సొమ్ము మాట. 2001లో సికింద్రాబాదునందలి కృషి సహకార అర్బన్ బ్యాంకు కూలిపోయినప్పుడు డిపాజిటుదారులు పడిన యాతన ఈ ఊరివారు మరచునది కాదు. నాడు డిపాజిట్ల బీమా హద్దు 1 లక్ష రూపాయలు. 2020 ఫిబ్రవరి 4 నుండి 5 లక్షలు. ఈ హద్దు అసలు, వడ్డీ కలిపి. ఒక బ్యాంకులో ఒకని పేర గల అన్ని శాఖల డిపాజిట్లకును కలిపి. కావున ఒకే బ్యాంకు రెండు శాఖలలో పంచి వేసినంత మాత్రమున రక్షణ రెట్టింపు కాదు. వేరు బ్యాంకులో వేసినచో వేరు బీమా వర్తించును. సహకార బ్యాంకులో కొన్న వాటాలకును, ఫైనాన్సు కంపెనీలలోని డిపాజిట్లకును ఈ బీమా లేదు. అధిక వడ్డీ చెప్పినవారిని మొదట అడుగవలసిన ప్రశ్న ఇదియే; పెక్కుమంది అడుగరు.