డాక్టరమ్మ దగ్గర దాచవద్దు

ఐదో నెల గర్భిణి ఒకామె పరీక్షకు ఆరోగ్య కేంద్రానికి వచ్చిందనుకుందాం. మోచేయి వాచి ఉంది. "ఏమైందమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది. పక్కనే అత్తగారు ఉన్నారు. "నూతి దగ్గర జారిపడ్డానండీ" అంది ఆమె. నొప్పికి మాత్రలు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. వాపు తగ్గుతుంది. కాని దెబ్బలు ఆగుతాయా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెళ్ళయిన స్త్రీలలో ప్రతి పదిమందికి దాదాపు ముగ్గురు భర్త చేతిలో హింసకు గురైనవారే. కనుక "నా ఒక్కదాని ఖర్మ" అని సిగ్గుపడవలసిన పని లేదు. తప్పు కొట్టినవారిదే.

డాక్టరుకు ఎందుకు చెప్పాలి?

కడుపుతో ఉన్నప్పుడు పొట్టమీద దెబ్బ తగిలితే రక్తస్రావం కావచ్చు. మాయ విడిపోవచ్చు. నెలలు నిండకుండానే కాన్పు రావచ్చు. నిత్యం భయంతో బతికేవారికి నిద్ర పట్టదు, తలనొప్పి వదలదు. కారణం తెలిస్తేనే సరైన వైద్యం జరుగుతుంది.

కుటుంబ నియంత్రణకూ ఇది అవసరమే. మాత్రలు ఇంట్లో పారవేస్తున్నారని చెబితే, మూడు నెలలకొకసారి వేసే 'అంతర' ఇంజక్షను గురించి డాక్టరు చెప్పగలరు. పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించుకోవడానికి భర్త సంతకం తప్పనిసరి కాదు.

ఎలా చెప్పాలి?

1. వెంట వచ్చినవారి ఎదుట చెప్పనక్కరలేదు. "లోపలికి నేనొక్కదాన్నే వస్తానండీ" అని నర్సమ్మతో అనండి.

2. "ఇంట్లో కొడుతున్నారండీ" అన్న ఒక్క మాట చాలు. తరువాత ఎప్పుడు, దేనితో, ఎక్కడ కొట్టారో చెప్పండి.

3. గొంతు నులిమితే పైకి గుర్తులు కనపడకపోయినా తప్పక చెప్పండి. అది ప్రాణానికే ముప్పు.

4. గాయాల వివరం రాయమనండి. పెద్ద గాయాలైతే ఆసుపత్రివారు పోలీసులకు తెలుపవలసి రావచ్చు. ఎవరికి తెలుపుతారో ముందే అడగండి.

గృహహింస నుండి మహిళల రక్షణ చట్టం 2005లో వచ్చింది. 2006 అక్టోబరు నుండి అమలులో ఉంది. దాని ప్రకారం, కేసు పెట్టలేదనే కారణంతో వైద్యం నిరాకరించరాదు. పరీక్ష రిపోర్టు నకలు ఉచితంగా ఇవ్వాలి. ఆ కాగితం ఇంట్లో ఉంచడం ప్రమాదమైతే పుట్టింట్లో గాని, నమ్మకమైనవారి దగ్గర గాని దాచుకోండి.

సలహాకు, ఆశ్రయానికి 181కి ఫోను చేయండి. ప్రాణాపాయమైతే 112కు, అంబులెన్సుకు 108కి చేయండి. ఫోను లేకపోతే ఆశా కార్యకర్తతో గాని, ఏ.ఎన్.ఎం.తో గాని చెప్పండి.

భర్తలకు ఒక మాట

ఆడపిల్లను కన్నదని భార్యను కొట్టేవారున్నారు. బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి బీజకణమే. ఇందులో తల్లి తప్పేమీ లేదు. తాగినప్పుడు చెయ్యి లేస్తోందా? తాగుడు మాన్పించడానికి వైద్యం ఉంది. సిగ్గుపడక మీరూ డాక్టరుతో చెప్పండి. తాగుడు సాకు చెప్పి కొట్టడం మాత్రం ఎన్నటికీ ఒప్పు కాదు.

చిన్న కుటుంబం చింతలు లేని కుటుంబం అంటాము. పిల్లలు ఇద్దరే అయినా ఇల్లాలు భయంతో ఒణికే ఇంట్లో చింత తీరదు. ఈసారి డాక్టరమ్మ "ఏమైందమ్మా?" అని అడిగితే, జరిగినది జరిగినట్లు చెప్పండి.