ఆకులే ఆకులు

అక్కా,

నాకు 46 ఏళ్లు. మా సంఘంలో స్త్రీల సమాజానికి కార్యదర్శిని. సండే స్కూలు, క్వయరు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, వారానికి రెండు కాటేజీ మీటింగులు... అన్నిటికీ నేనే. మొన్న పాస్టరుగారు పండ్లు లేని అంజూరపు చెట్టు గురించి ప్రసంగిస్తుంటే గుండె గుభేలుమంది. ముందురోజే, కాఫీ చల్లారిందన్నందుకు అత్తగారిని కసిరాను. మా అమ్మాయి "గుడిలో ఉండే గొంతు ఇంట్లో ఎందుకుండదమ్మా?" అంది. ఆ మాట గుచ్చుకుంది. పెరట్లో మూడేళ్ల కిందట నాటిన జామచెట్టూ నాలాగే ఉంది. యూరియా వేస్తూనే ఉన్నాను, గుబురుగా పెరిగింది, ఒక్క పిందె లేదు. నన్నూ దేవుడు నరికేస్తాడా?

– ఒక సోదరి, తెనాలి

చెల్లీ, వందనాలు.

ముందు జామచెట్టు సంగతి. యూరియా ఆపెయ్యి. ఎక్కువైతే ఆకే పెరుగుతుంది. జామకు పూత కొత్త చిగుళ్లకే వస్తుంది. కొమ్మల చివర్లు కత్తిరించు, లోపలికి ఎండ పడనివ్వు.

నీ వారమూ ఆ చెట్టులాగే కమ్ముకుపోయింది. ఆకులు చెడ్డవని అనను, చెట్టు బతికేది వాటితోనే. కానీ గలతీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయంలో పౌలు ఆత్మ ఫలమంటూ తొమ్మిది గుణాలు చెప్పాడు. వాటిలో పదవులూ మీటింగులూ లేవు. దీర్ఘశాంతం ఉంది. చల్లారిన కాఫీ దగ్గరే దాని సంగతి తేలుతుంది. ఏ చెట్టూ తన పండు తాను తినదు. రుచి తెలిసేది ఇంట్లోవాళ్లకే.

అందుకని క్వయరునూ ఒక కాటేజీ మీటింగునూ వేరేవాళ్లకు అప్పగించు. మిగిలిన సాయంత్రం అత్తగారి పక్కన కూర్చో. దానికి సేవ అని పేరు పెట్టకు. ముందు క్షమించమని అడుగు, వేడి కాఫీ చేతికిచ్చి.

ఇక నరికేస్తాడన్న భయం. లూకా సువార్త 13వ అధ్యాయంలో యజమాని మూడేళ్లు చూసి ఆ అంజూరపు చెట్టును నరికెయ్యమన్న మాట నిజమే. తోటమాలి ఇంకొక్క ఏడాది గడువు అడిగాడు. చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు. చెట్టును ఒక్క మాట అనలేదు, పనంతా తన నెత్తినే వేసుకున్నాడు. ఆ తర్వాత అది కాసిందో లేదో చెప్పకుండానే యేసు కథ ఆపాడు.

మీ అమ్మాయి మాట నీకు గొడ్డలిలా వినిపించింది. నాకైతే పాదు తవ్వుతున్న గునపం చప్పుడులా ఉంది.