వాహనములకు పైపొర వేయు వృత్తి: మంచి పేరునకు ఐదు మెట్లు

(పంచాయతీ సభ్యుల అధ్యయనమునకు)

హైదరాబాదు నగరమునకు ఉప్పల్ తూర్పు వాకిలి వంటిది. వరంగల్లు, జనగామ, భువనగిరి మీదుగా వచ్చు 163వ నెంబరు జాతీయ రహదారి ఇచటనే నగరమును చేరును. దానికి చేరువనే నాచారం పారిశ్రామికవాడ కలదు. ఈ దారిన నిత్యము సాగు పాల బండ్లు, మందుల వ్యానులు, పాఠశాల బస్సులు మొదలగువానిపై పేర్లును, బొమ్మలును కనిపించును. ఒకప్పుడు వీనిని కుంచెతో వ్రాసెడివారు. నేడు పెక్కింటిని వినైల్ అను పలుచని ప్లాస్టిక్ పొరపై యంత్రముతో అచ్చువేసి బండికి అతికించుచున్నారు. కొద్ది భాగమునకు అతికించినచో స్టిక్కరింగ్ అనియు, బండి అంతటికిని తొడిగినచో ర్యాపింగ్ అనియు వ్యవహరింతురు.

ఈ పనితో పంచాయతీ సభ్యులకేమి సంబంధమని అడుగవచ్చును. సంబంధము రెండు విధములుగా కలదు. 2019లో పల్లె ప్రగతి ఆరంభమైన పిమ్మట తెలంగాణ గ్రామపంచాయతీలు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూర్చుకొన్నవి. వానిపై పంచాయతీ పేరు ఉండవలెను. చీకటిలో మెరయు పట్టీలు అంతకన్న ముఖ్యముగా ఉండవలెను. ఆ పని చేయించువారును, బిల్లు ఆమోదించువారును సభ్యులే. ఇక, గ్రామములనుండి పట్టణములకు పోవు యువకులకు ఇది ఒక జీవనోపాధి. కావున మంచి పనివానిని గుర్తించుట ఎట్లో, మంచి పనివాడగుట ఎట్లో తెలిసికొనుట అవసరము.

దుకాణము ముందరి బోర్డునుబట్టి ఈ వృత్తిలో పేరు రాదు. పూర్తిచేసిన పనులనుబట్టి మెట్టుమెట్టుగా వచ్చును. ఆ మెట్లు ఐదు.

మొదటి మెట్టు: ఒక చిన్న బండి

పేటలోని కిరాణా వ్యాపారి ఆటో ట్రాలీయే సాధారణముగా తొలి పని. ఇందు నేర్వవలసినది శుభ్రత. బండిని కడిగి ఆరబెట్టి, నూనె జిడ్డును ఆల్కహాలుతో తుడువవలెను. త్రుప్పును గీకి బాగుచేయక, రేకు నుండి పెచ్చులూడు రంగుపై పొర అతికించుట తడిగోడకు సున్నము వేయుట వంటిది. రంగు ఊడినచో పొరయు దానితోడనే ఊడును. ఎండలో కాగిన రేకుపై పొర తాకినంతనే పట్టుకొనును, సరిదిద్దుటకు వీలుండదు. చలి ఉదయమున జిగురు సరిగా పట్టదు. కావున దుమ్ములేని నీడపట్టున పని చేయవలెను.

పొర రకమును కూడ ఎరుగవలెను. క్యాస్ట్ అను రకమును దోసె పిండివలె ద్రవరూపమున పోసి ఆరబెట్టుదురు. అందు సాగదీసిన బిగువు ఉండదు. ఒంపులపై చక్కగా కూర్చుండును. క్యాలెండర్డ్ అను రకమును వేడి రూళ్ల మధ్య పూరీవలె వత్తుదురు. వత్తిన పూరీ వెనుకకు ముడుచుకొన చూచునట్లు, ఇదియు కాలక్రమమున అంచులవద్ద ముడుచుకొనును. చదునైన ట్రాలీ ప్రక్కలకు రెండవది చాలును, ఖరీదు తక్కువ. వంపులుగల వ్యానునకు మొదటిది మేలు. ఎచట ఏది చాలునో దాచక చెప్పువాడే తొలి మెట్టు ఎక్కినవాడు.

రెండవ మెట్టు: ఒకే మాదిరి పది బండ్లు

ఒక బండిని అందముగా చేయుట నేర్పు. పది బండ్లను ఒకే తీరున చేయుట క్రమశిక్షణ. 2020 జూలై 1న విజయవాడలో 108, 104 సేవలకు చెందిన 1,088 వాహనములను ఒక్కమారు ప్రారంభించిరి. అట్టి పనులలో ఏ బండి చూచినను ఒకే ఎరుపు, ఒకే కొలత, ఒకే స్థానము ఉండవలెను. ఇందులకై రంగు నమూనాను ముందుగానే అచ్చువేసి సంతకము చేయించుకొనవలెను. ప్రతి బండిని విడిగా కొలువవలెను. అచ్చు సిరా ఆవిరి పోవుటకు సుమారు ఒక దినము ఆగిన పిమ్మటనే పైన రక్షణపొర వేయవలెను. తొందరపడి ఆ దినమును మిగుల్చుకొన్నచో కొలది నెలలకే బుడగలును, ముడుతలును పైకి వచ్చును.

మూడవ మెట్టు: ప్రాణరక్షణకు సంబంధించిన పని

దారిలో నిలిచిన ట్రాలీని చీకటిలో వెనుకనుండి గ్రుద్దుకొని ప్రాణములు పోవుట మన గ్రామములకు తెలియని విషయము కాదు. జనులు రేడియం స్టిక్కరు అని పిలుచు ప్రతిఫలన పట్టీ ఇట్టిచోట అలంకారము కాదు, కాపుదల. నియమము ప్రకారము ముందువైపు తెలుపు, ప్రక్కల పసుపు, వెనుక ఎరుపు పట్టీలుండవలెను. బురద పట్టినచో అవి మెరయవు. కావున పని చేసినవాడు తుడుచు పద్ధతిని కూడ డ్రైవరునకు నేర్పవలెను.

మరికొన్ని చట్టపు సంగతులను ఈ మెట్టుననే తెలిసికొనవలెను. బండి రంగు రిజిస్ట్రేషను పత్రమున నమోదైయుండును. పొరతో ఆ రంగు పూర్తిగా మారునట్లయిన రవాణాశాఖకు తెలిపి నమోదు చేయించుకొనవలెను. రక్షణశాఖ వాహనములకు తప్ప ఇతరులకు ఆలివ్ పచ్చ రంగు నిషిద్ధము. ముందువెనుకల అద్దములు కనీసము 70 శాతము, ప్రక్క అద్దములు 50 శాతము వెలుతురును పోనీయవలెను. దీపములపైనను, నెంబరు పలకపైనను ఏమియు అతికించరాదు. యజమాని కోరినను, ఇది కుదరదని చెప్పగలవానికే ఆసుపత్రులును, పాఠశాలలును పని అప్పగించును.

నాలుగవ మెట్టు: బస్సు, రైలు

2017 నవంబరు 28న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ మియాపూర్ నుండి నాగోల్ వరకు 30 కిలోమీటర్ల మెట్రో రైలు మార్గమును ప్రారంభించిరి. మెట్రో రైళ్ల డిపో ఒకటి ఉప్పల్‌లోనే కలదు. ఆర్టీసీ వర్క్‌షాపు కూడ ఉప్పల్‌లో కలదు. ప్రయాణికులను చేరవేయు బస్సునుగాని రైలునుగాని దినములతరబడి నిలిపి ఉంచుటకు వీలుండదు. ఇచ్చిన గంటలలోనే పని ముగింపవలెను. తలుపులు తెరచుకొను సందులయందు పొర చిక్కుకొనరాదు. అత్యవసర ద్వారపు గుర్తులు మూతపడరాదు. పలువురు కలసి ఒక్క చేతివలె పనిచేయనిదే ఇది సాధ్యము కాదు. అందుచేతనే ఇట్టి పని ఒకటి సకాలమున ముగించినవానిని గూర్చి తక్కినవారు విచారింతురు.

అయితే పెద్ద పని పెద్ద బాధ్యతను కూడ తెచ్చును. హైదరాబాదు మెట్రో రైళ్లపై పందెపు యాప్‌ల ప్రకటనలున్నవని 2025 మార్చిలో విమర్శలు రాగా, నాటి మేనేజింగ్ డైరెక్టరు ఎన్.వి.ఎస్. రెడ్డి వానిని తొలగింపుడని ఆదేశించిరి. ఎట్లు అతికించితిమి అనుటయే కాదు, ఏమి అతికించితిమి అనునదియు పేరునకు సంబంధించినదే.

ఐదవ మెట్టు: తొలగించు దినము

ఈ వృత్తిలో అసలు పరీక్ష బండి దుకాణము విడిచిన నాడు జరుగదు. ఏండ్ల తరువాత పొర తీయునాడు జరుగును. మంచి క్యాస్ట్ పొర సాధారణముగా ఐదు ఏండ్ల పైబడి నిలుచును. నేరుగా ఎండ పడు పైకప్పుపై దాని ఆయువు తక్కువ. గడువు మీరినచో పెళుసై ముక్కలుముక్కలుగా ఊడును. మెల్లగా వేడిచేసి లాగినప్పుడు క్రింది రంగు చెక్కుచెదరక కనిపించినచో ఆ పని ఉత్తమము. బండిపైననే బ్లేడుతో పొరను కోసినవాని గీతలు ఆనాడు బయటపడును. ఆ గీతలవెంట త్రుప్పు పట్టియుండును. తీసివేసిన వినైల్‌ను చెత్తతో కలిపి కాల్చరాదు. హానికరమగు ఆమ్లవాయువు వెడలును. దానిని విడిగా ఉంచి అప్పగింపవలెను.

పంచాయతీ చేయదగినది

పని అప్పగించుటకు పూర్వము, రెండేండ్ల క్రిందట చేసిన బండి నొకదానిని చూపుమని అడుగవలెను. క్రొత్త బండ్ల ఛాయాచిత్రములు చాలవు. పొర రకము, రక్షణపొర, పట్టీల రంగులు, ఎన్నియేండ్ల హామీ అనునవి కొటేషనులో వ్రాయించుకొనవలెను. అంచులు లేచినచో ఉచితముగా సరిదిద్దు గడువును పేర్కొనవలెను. మిక్కిలి తక్కువ ధర ఎందుకు తక్కువయో విచారింపవలెను.

వృత్తి నేర్వగోరు యువకునికి పెద్ద యంత్రము కొనుమని తొందరపెట్టరాదు. మంచి పనివానివద్ద చేయి తిరిగిన పిమ్మట, అచ్చు బయట వేయించుకొని, అతికించు పనితో ఆరంభింపవచ్చును. పెట్టుబడికి 2015 నుండి అమలులోనున్న ముద్ర ఋణములను గూర్చి బ్యాంకులో విచారింపవచ్చును. తన తొలి పనిగా స్వగ్రామపు ట్రాలీకి పట్టీలు సక్రమముగా అతికించినచో అతనికి పేరును, ఊరికి రక్షణయు కలుగును.

సమావేశమున చర్చించుటకు

1. మన పంచాయతీ ట్రాలీ, ట్యాంకరులకు మూడువైపుల పట్టీలు కలవా? రాత్రివేళ దూరమునుండి కనిపించుచున్నవా?

2. గ్రామమునందలి స్వంత ట్రాక్టరు యజమానులచే ఈ పని చేయించుట ఎట్లు?

3. గడచినసారి ఇట్టి పనికి ఇచ్చిన ధరకు తగిన మన్నిక లభించినదా?

4. ఈ వృత్తి నేర్వగల యువకులు మన గ్రామమున ఎవరు?