రైలు పట్టా నుంచి గర్భస్థ శిశువు దాకా: అల్ట్రాసౌండ్‌కు దారి వేసినవారు

భిలాయి సెక్టర్ 6 క్వార్టర్లలో ఉండేవారికి అల్ట్రాసౌండ్ అనే మాట రెండు చోట్ల వినిపిస్తుంది. ఇంట్లో కూతురో కోడలో నెల తప్పితే ఆసుపత్రిలో చేయించే స్కాన్ ఒకటి. ఉక్కు కర్మాగారంలో తయారైన రైలు పట్టాలకు చేసే పరీక్ష రెండోది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి పని కోసం వచ్చి ఈ ఊళ్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు రెండూ పరిచయమే. అయితే ఈ రెండూ ఒకే పరీక్ష అనీ, అది మొదట ఉక్కు కోసమే పుట్టిందనీ, వైద్యులు దాన్ని ఫ్యాక్టరీల నుంచి అరువు తెచ్చుకున్నారనీ చాలామందికి తెలియదు.

వైద్య చిత్రణ చరిత్ర అనగానే 1895లో ఎక్స్‌కిరణాలను కనిపెట్టిన రాంట్‌జెన్ పేరే ముందు చెప్పుకుంటాం. అది న్యాయమే. కానీ ఎక్స్‌రేకు ఎముక కనిపించినంత స్పష్టంగా మెత్తని కండ, ద్రవం నిండిన తిత్తి కనిపించవు. పైగా గర్భిణికి ఎక్స్‌రే తీయడం ప్రమాదం. ఆ ప్రమాదం ఎంతటిదో 1956లో ఆక్స్‌ఫర్డ్ వైద్యురాలు ఆలిస్ స్టీవార్ట్ బయటపెట్టారు. కడుపులో ఉండగా ఎక్స్‌రే తగిలిన పిల్లల్లో క్యాన్సర్ మరణాలు ఎక్కువని ఆమె లెక్కలు చెప్పాయి. చాలామంది వైద్యులు అప్పట్లో ఆమె మాట నమ్మలేదు. కడుపులో బిడ్డ ఎలా ఉందో చూడాలంటే వేరే దారి కావాలి. ఆ దారి ఉక్కు పరిశ్రమలో అప్పటికే సిద్ధంగా ఉంది.

పట్టా లోపలి పగులు

కరిగిన ఉక్కులో హైడ్రోజన్ చిక్కుకుపోతే, చల్లబడ్డాక లోపల సన్నని పగుళ్లు ఏర్పడతాయి. పైకి పట్టా నున్నగా, మెరుస్తూ ఉంటుంది. రైళ్లు వేల సార్లు నడిచాక ఆ పగులు పెరిగి, ఒకరోజు పట్టా ఫటాలున విరుగుతుంది. భారత రైల్వేకు పట్టాలు ప్రధానంగా భిలాయి నుంచే వెళ్తాయి. 260 మీటర్ల పొడవున వెల్డింగ్ చేసిన ప్యానెళ్లు కూడా ఇక్కడి నుంచి పంపుతారు. అంత పొడవు ఉక్కును కోయకుండా లోపల చూడడం ఎలా?

చెవికి వినపడనంత ఎక్కువ పౌనఃపున్యం ఉన్న శబ్దాన్ని లోహంలోకి పంపి లోపాలు పట్టవచ్చని 1928లో లెనిన్‌గ్రాడ్ శాస్త్రవేత్త సెర్గేయ్ సొకొలోవ్ ప్రతిపాదించారు. భిలాయి కర్మాగారం సోవియట్ సహకారంతోనే, 1955 నాటి ఒప్పందంతో వచ్చింది గనుక, ఆయన పేరు ఈ ఊరివారికి మరీ పరాయిది కాదు. సొకొలోవ్ పద్ధతిలో శబ్దం ఒక వైపు నుంచి వెళ్లి రెండో వైపు బయటికి రావాలి. మధ్యలో పగులు ఉంటే బయటికొచ్చే శబ్దం తగ్గుతుంది. దీనికి వస్తువు రెండు వైపులా అందుబాటులో ఉండాలి, పగులు ఎంత లోతులో ఉందో తెలియదు.

అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో ఫ్లాయిడ్ ఫైర్‌స్టోన్ ఈ చిక్కు విప్పారు. ఆయన పంపింది ఆగకుండా మోగే శబ్దం కాదు, చిన్న చిన్న తునకలు. తునక పంపి, ఒక్క క్షణం ఆగి, ప్రతిధ్వని కోసం వినడం. నూతిలోకి తొంగి కేకేసి, తిరిగొచ్చే శబ్దాన్ని బట్టి లోతు ఊహించినట్టే. 1940లో ఆయన పేటెంటుకు దరఖాస్తు చేశారు, 1942లో అది మంజూరైంది.

లెక్క సులువే. ఉక్కులో శబ్దం సెకనుకు సుమారు 5,900 మీటర్లు పోతుంది. 5 సెంటీమీటర్ల లోతులో పగులు ఉంటే శబ్దం వెళ్లి రావడానికి సుమారు 17 మైక్రోసెకన్లు. మన శరీరపు మెత్తని భాగాల్లో వేగం సుమారు 1,540 మీటర్లు. అదే లోతుకు 65 మైక్రోసెకన్లు పడుతుంది. కాలాన్ని కొలిస్తే లోతు తెలిసిపోతుంది. స్కాన్ యంత్రం తెర మీద బొమ్మంతా ఇలాంటి వేల కొలతల కూర్పే.

శబ్దవేగం పదార్థపు గట్టిదనాన్ని బట్టి, సాంద్రతను బట్టి మారుతుంది. కాబట్టి వేగం కొలిస్తే గట్టిదనం తెలుస్తుంది. ఈ పని తెలుగు నేల మీదా జరిగింది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సూరి భగవంతం, జె. భీమసేనాచార్ అల్ట్రాసౌండ్‌తో స్ఫటికాల స్థితిస్థాపకతను కొలిచారు. 1944లో వజ్రానికీ కొలిచి ప్రచురించారు. వారిది వైద్యం కాదు. కానీ శబ్దాన్ని కొలబద్దగా వాడడం తెలుగువారికి కొత్త విద్య ఏమీ కాదని ఆ పని గుర్తుచేస్తుంది.

తప్పిన మొదటి అడుగు

శరీరంలోకి శబ్దం పంపి బొమ్మ తీయాలని ముందు ప్రయత్నించినవారిలో ఆస్ట్రియా నరాల వైద్యుడు కార్ల్ డుసిక్ ఒకరు. భౌతిక శాస్త్రవేత్త అయిన తమ్ముడు ఫ్రీడ్రిఖ్ సాయంతో 1940లలో ఆయన తలకు రెండు వైపులా పరికరాలు పెట్టి, మెదడులోని ద్రవపు గదుల బొమ్మలు తీశానని ప్రకటించారు. పద్ధతి సొకొలోవ్‌దే, ఒక వైపు పంపి రెండో వైపు అందుకోవడం. 1952 నాటికి జర్మనీలో ఇతరులు పరీక్షించి చూస్తే, ఆ బొమ్మల్లో ఎక్కువ భాగం మెదడుది కాదు, పుర్రె ఎముక శబ్దాన్ని మింగడం వల్ల వచ్చిన నీడలని తేలింది. పుర్రె బొమ్మను మెదడు బొమ్మ అనుకున్నారన్నమాట. డుసిక్‌ను దీనికి ఎగతాళి చేయనక్కరలేదు. ఆయన ఎంచుకున్న భాగమే అల్ట్రాసౌండ్‌కు అన్నిటికన్నా కష్టమైనది.

ఓడల రేవు నుంచి గుండెకు

స్వీడన్‌లోని లుండ్‌లో గుండె వైద్యుడు ఇంగె ఎడ్లర్‌కు వేరే బాధ ఉంది. రుమాటిక్ జ్వరంతో మైట్రల్ కవాటం దెబ్బతిన్నవారికి ఆపరేషన్ చేయాలంటే, కవాటం ఇరుకైందా లేక లీకవుతోందా అన్నది ముందే తెలియాలి. పొరపాటు పడితే రోగి ప్రాణానికే ముప్పు. ఆయన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ హెల్‌ముత్ హెర్ట్జ్‌ను అడిగారు. హెర్ట్జ్ మాల్మో రేవులోని కాకమ్స్ ఓడల కర్మాగారానికి వెళ్లారు. అక్కడ వెల్డింగ్ అతుకులు పరీక్షించే యంత్రం ఉంది. దాని ప్రోబ్‌ను సొంత ఛాతీ మీద పెట్టుకుంటే, తెర మీద ఒక ప్రతిధ్వని గుండెతోపాటు కదలడం కనిపించింది. 1953 అక్టోబరులో వారు తమ మొదటి గుండె ప్రతిధ్వనులను నమోదు చేశారు. ఇప్పుడు మనం ఎకో పరీక్ష అని పిలుస్తున్నది అక్కడే మొదలైంది.

గ్లాస్గో గడ్డలు

1954లో గ్లాస్గోలో ప్రసూతి శాస్త్ర ఆచార్యుడిగా చేరిన ఇయాన్ డొనాల్డ్ యుద్ధకాలంలో వైమానిక దళంలో పనిచేసి, రాడార్ చూసినవాడు. శబ్దానికి కూడా అలాంటి ఉపయోగం ఉంటుందని ఊహించాడు. బాయిలర్లు తయారుచేసే బాబ్‌కాక్ అండ్ విల్కాక్స్ కంపెనీకి ఆ ఊరి దగ్గర రెన్‌ఫ్రూలో కర్మాగారం ఉంది. 1955 జులై 21న, ఆపరేషన్లలో తీసిన గర్భాశయపు గడ్డలు, అండాశయపు తిత్తులు రెండు కార్లలో వేసుకుని డొనాల్డ్ అక్కడికి చేరాడు. పోల్చి చూడడానికి కంపెనీవారు పెద్ద మాంసం ముక్కను సిద్ధం చేశారు. లోహపు పగుళ్లు వెతికే యంత్రంతో వాటిని పరీక్షించారు.

ఫలితం ఆయన ఆశించినదాని కంటే బాగా వచ్చింది. ద్రవం నిండిన తిత్తిలో శబ్దానికి అడ్డేమీ ఉండదు. ముందు గోడ నుంచి ఒకటి, వెనక గోడ నుంచి ఒకటి ప్రతిధ్వని వస్తాయి, మధ్యలో నిశ్శబ్దం. గట్టి గడ్డలోనైతే శబ్దం దారిపొడవునా చెదిరి, క్రమంగా నీరసిస్తుంది. ఎక్స్‌రేలో ఒకేలా కనిపించే రెండూ ఇక్కడ విడివిడిగా తేలాయి. ఉక్కులో వెతుకుతున్నది గాలి నిండిన పగులు, శరీరంలో వెతుకుతున్నది ద్రవపు తిత్తి. రెండింటిలోనూ ప్రతిధ్వని పుట్టేది సరిహద్దు దగ్గరే.

కెల్విన్ అండ్ హ్యూస్ కంపెనీలో పనిచేసే యువ ఇంజనీరు టామ్ బ్రౌన్ ఈ సంగతి విని, తానే డొనాల్డ్‌కు ఫోన్ చేశాడు. ప్రోబ్‌ను పొట్ట మీద జరుపుతూ పోతే అడ్డకోత బొమ్మ వచ్చే యంత్రాన్ని ఆయన రూపొందించాడు. ఇంజనీరు పేరు చాలా కథనాల్లో వైద్యుడి పేరు వెనక దాగిపోతుంది. కానీ యంత్రం లేనిదే ఆ వైద్యుడి ఊహ ఊహగానే మిగిలేది.

వారి తొలి రోగుల్లో ఒకామెకు కడుపు ఉబ్బి ఉంది. శస్త్రచికిత్సకు లొంగని కడుపు క్యాన్సర్ అని నిర్ధారించారు. యంత్రం మాత్రం స్పష్టమైన అంచులున్న పెద్ద తిత్తిని చూపింది. కోసి చూస్తే నిజంగానే అండాశయపు తిత్తి. తీసేశారు, ఆమె బతికింది. ఈ ఫలితాలను డొనాల్డ్, జాన్ మెక్‌వికార్, బ్రౌన్ 1958 జూన్‌లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు.

జెల్లీ, నీళ్లు, చట్టం

స్కాన్‌కు ముందు పొట్ట మీద రాసే చల్లని జెల్లీ సంగతి ఎవరూ పట్టించుకోరు. ప్రోబ్‌కూ చర్మానికీ మధ్య పొర గాలి ఉన్నా, శబ్దం దాదాపు మొత్తం అక్కడే వెనక్కి తిరిగిపోతుంది. జెల్లీ ఆ గాలిని తొలగిస్తుంది. పట్టాలు పరీక్షించేవారు ఇదే పని కోసం పట్టా మీద నీళ్లు పారిస్తూ ప్రోబ్ నడుపుతారు. గాలి నిండిన ఊపిరితిత్తులు, పేగులు అల్ట్రాసౌండ్‌కు సరిగ్గా కనపడకపోవడానికీ కారణం ఇదే.

బిడ్డను కాపాడడానికి వచ్చిన ఈ యంత్రమే మన దేశంలో ఆడపిల్లను తొలగించడానికీ పనికొచ్చింది. ఆరేళ్లలోపు ప్రతి 1,000 మంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991లో 945 ఉంటే, 2001లో 927కు పడిపోయారు. 1994లో చేసిన చట్టం ప్రకారం పుట్టబోయే బిడ్డ ఆడో మగో చెప్పడం నేరం. స్కానింగ్ కేంద్రాలు తప్పనిసరిగా నమోదు కావాలి. బిడ్డ ఎదుగుదల, గుండె, వెన్నెముక, మాయ ఎక్కడుందన్నవి చూపించమని అడగడం కుటుంబం హక్కు. ఆడా మగా అన్నది ఆ జాబితాలో లేదు.

ఇక అరువు తిరిగి చెల్లింది. 1968లో నెదర్లాండ్స్‌లో యాన్ సోమర్ ఒకే ప్రోబ్‌లో అనేక స్ఫటికాలు అమర్చి, వాటిని వెంటవెంటనే మోగించి, ప్రోబ్‌ను కదపకుండానే శబ్దపు పుంజాన్ని అటూ ఇటూ తిప్పే వైద్య యంత్రాన్ని తయారుచేశాడు. ఈ పద్ధతే తర్వాత పరిశ్రమకు చేరింది. వెల్డింగ్ అతుకుల్లో, ఉక్కు లోపల పగుళ్లు వెతకడానికి ఇప్పుడు దాన్ని వాడుతున్నారు.