లోపాన్ని వాయించినవాళ్లు

శ్రీకూర్మం

చిరంజీవి మనవరాలికి,

ఒళ్లో పడుకోబెట్టి వాయించే గిటార్ కొనుక్కున్నావని తెలిసి సంబరపడ్డాను. "దీనిమీద అందరికంటే గొప్పగా వాయించిన రికార్డు ఒక్కటి చెప్పు తాతయ్యా, దాన్నే పట్టుకుని సాధన చేస్తాను" అని రాశావు. ఆ ఒక్కటీ నేను చెప్పలేనమ్మా. వాయించేవాళ్లు ప్రాణంగా చూసుకునే రికార్డులు కొన్ని చెబుతాను. అవి వాళ్లకు ఎందుకంత ఇష్టమో తెలిస్తే, మిగతావి నువ్వే వెతుక్కుంటావు.

ముందు నీ వాద్యం సంగతి చూడు. దానికి పుట్టుకతో వచ్చిన లోపాలు మూడున్నాయి. మామూలు గిటార్ మీద వేలితో నొక్కితే చాలు, స్వరం ఎక్కడ పలకాలో మెట్టే చూసుకుంటుంది. నీ గిటార్‌లో తీగలు ఎత్తుగా ఉంటాయి, చేత్తో పట్టుకునే బార్ వాటిని తాకుతుంది గాని మెట్టుకు ఆనించదు. కింద కనబడే గీతలు కంటికే తప్ప చెవికి సాయం రావు. ఇది మొదటి లోపం. మీటిన స్వరం త్వరగా చల్లారిపోతుంది, అక్కర్లేని తీగలు మాత్రం పక్కన మోగుతూనే ఉంటాయి. ఇది రెండోది. బార్ తిన్నని ఉక్కు ముక్క. వీణ వాయించే వేళ్లలాగా ఒక్కో తీగను ఒక్కోచోట పట్టుకోలేదు. ఇది మూడోది. నేను చెప్పబోయే ప్రతి రికార్డులోనూ ఎవరో ఒకరు వీటిలో ఒకదానితో తలపడి, దాన్నే అందంగా మలిచారు. మామూలు శ్రోత పాట విని ఆనందిస్తాడు. వాయించేవాడికి ఆ తలపడటం కూడా వినిపిస్తుంది.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో హవాయిలోని ఓహూ దీవిలో జోసెఫ్ కెకుకు అనే కుర్రవాడు గిటార్ తీగల మీద ఉక్కు ముక్క జార్చి ఈ పద్ధతికి ఊపిరి పోశాడు. అక్కణ్ణించి అది ప్రపంచమంతా తిరిగింది. సమోవాలో పుట్టిన టావు మో తన కుటుంబంతో ఊరూరా వాయిస్తూ 1940లలో కొన్నేళ్లు కలకత్తాలో ఉన్నాడు. బెంగాలీలు ఆ వాద్యాన్ని సొంతం చేసేసుకున్నారు. మన సిక్కోలు, విజయనగరం వైపునుంచి ఖరగ్‌పూర్ రైల్వేలో పనికి వెళ్లిన కుటుంబాలు ఎన్నో నీకు తెలుసు కదా, మనదీ అలాంటిదే. అక్కడి క్వార్టర్స్‌లో మా పక్కింటి బెంగాలీల దగ్గరే నేను దీన్ని పట్టుకోవడం నేర్చుకున్నాను. హార్మోనియం పక్కన హవాయన్ గిటార్ ఉండటం ఆ ఇళ్లలో మామూలే.

అందుకని మొదట బటుక్ నంది వాయించిన రవీంద్ర సంగీతం విను. ఆ తర్వాత సునీల్ గంగూలీ వాయించిన సినిమా పాటలు. వీటిని తేలిక సంగీతమని తీసిపారేసేవాళ్లు ఉంటారు. పట్టించుకోకు. పాట తెలిసినవాడికి ఆ గిటార్‌లో మాటలు వినబడతాయి. ఎందుకో గమనించు: కొత్త అక్షరం మొదలైనచోట తీగ మీటుతారు, ఒకే అక్షరం సాగినచోట మీటకుండా బార్‌ను జారుస్తారు. ఇది తెలియనివాడు ప్రతి స్వరానికీ మీటి, పాటను ముక్కలు చేస్తాడు. నీ సాధనకు మన సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావుగారి పాట తీసుకో. 'మల్లీశ్వరి' (1951)లో భానుమతి పాడిన పాట ఏదైనా సరే. ముందు నోటితో పాడు. అక్షరం ఎక్కడ మారుతోందో కాగితం మీద గుర్తు పెట్టుకో. ఆ తర్వాతే గిటార్ ముట్టుకో.

తర్వాతి రికార్డు గిటార్‌ది కాదు. విజయనగరానికి వన్నె తెచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్. 1893లో బెంగుళూరులో పుట్టి, విశాఖలో పెరిగి, 1919లో విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులయ్యారు. 1936లో ఆదిభట్ల నారాయణదాసుగారి తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. వయొలిన్‌కూ మెట్లు లేవు. నీ మొదటి లోపం దానికీ ఉంది. ఆయన రాగాలాపన ఒకటి పెట్టుకుని, ఆయన జారుతున్నచోట కాదు, జారి ఆగినచోట విను. స్వరం మీదికి వచ్చాక ఇంకా వెతుక్కోవడం ఉండదు, వచ్చిన చోటే సరైన చోటు. జారడం ఎవరికైనా రెండు రోజుల్లో వస్తుంది. ఎక్కడికి జారుతున్నామో ముందే చెవికి తెలిసి ఉండటమే విద్య. తంబురా శ్రుతి పెట్టుకుని, కళ్లు మూసుకుని, షడ్జం నుంచి పంచమానికి వెళ్లి ఆగు. కళ్లు తెరిచి గీత చూసుకుంటే గీత చెప్పింది వాయిస్తావు, చెవి చెప్పింది కాదు.

ఈ విద్య మన దేశానికి పరాయిది కాదు. దక్షిణాదిన గోటువాద్యం ఉంది, ఇప్పుడు చిత్రవీణ అంటున్నారు. 21 తీగలు, మెట్లు లేవు, చేతిలో నున్నటి కడ్డీ. రవికిరణ్ చిత్రవీణ విను. జారే వాద్యం మీద కర్ణాటక గమకం నిలవదని ఎవరన్నా అంటే నీకు జవాబు దొరుకుతుంది.

రెండో లోపానికి బ్రిజ్ భూషణ్ కాబ్రా జవాబు. జోధ్‌పూర్‌వాడు, సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్ శిష్యుడు. 1967లో వచ్చిన 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' రికార్డులో శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు మధ్య ఆయన గిటార్ ఉంటుంది. కాశ్మీరులో ఒక గొర్రెల కాపరి గడిపిన రోజును రాగాలతో చెప్పిన రికార్డు అది. వేణువుకు ఊపిరి ఉన్నంతసేపూ స్వరం ఉంటుంది, గిటార్‌కు ఆ అదృష్టం లేదు. కాబ్రా ఏం చేశాడు? ఒక్క మీటుతో వచ్చిన మోత చల్లారేలోపు బార్‌తో ఎన్ని స్వరాలు పలికించవచ్చో అన్నీ పలికించాడు. మోత సన్నగిల్లే వేళకు పక్కనున్న చికారీ తీగను మీటి శ్రుతి నిలబెట్టాడు. చల్లారిపోయే స్వరంతో ఆలాపన చేయడం సాధ్యమని చూపించినందుకే గిటార్‌వాళ్లు ఆయనకు దణ్ణం పెడతారు.

మూడో లోపం దగ్గర పాశ్చాత్యులు మనకంటే ఎక్కువ తంటాలు పడ్డారు, వాళ్లకు స్వరాలు గుత్తులుగా కావాలి కాబట్టి. జెర్రీ బర్డ్ బార్‌ను ఏటవాలుగా తిప్పి, రెండు తీగలను రెండు చోట్ల పట్టుకున్నాడు. ఆ ఏటవాలులోనూ శ్రుతి చెదరకపోవడమే అతని పేరు నిలబెట్టింది. బడ్ ఐజాక్స్ ఇంకో దారి తొక్కాడు. 1954లో మోగిపోయిన వెబ్ పియర్స్ పాట 'స్లోలీ'లో కాలికింద పెడల్ తొక్కి, బార్ కదపకుండా, మోగుతున్న తీగల్లో కొన్నిటిని మాత్రమే పైశ్రుతికి లాగాడు. ఒక స్వరం నిలిచి ఉండగా దాని పక్క స్వరం నడిచిపోతుంది. అది విన్న స్టీల్ గిటార్‌వాళ్లు తమ వాద్యాలకూ పెడల్స్ బిగించుకునే పనిలో పడ్డారు. బర్డ్ మాత్రం పెడల్ జోలికి పోలేదు. ఇద్దరినీ విను. ఎవరిది ఒప్పు అని నన్ను అడగకు, ఒకే చిక్కుకు రెండు పరిష్కారాలు.

ఇక నేర్చుకునేవాళ్లు చాలామంది ముందుగా పట్టుకునే పాట 'స్లీప్ వాక్'. బ్రూక్లిన్‌కు చెందిన శాంటో, జానీ అనే అన్నదమ్ములది. 1959లో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. స్టీల్ గిటార్ శాంటోది. తేలిగ్గా ఉంటుంది, కానీ నిన్ను పట్టిచ్చేస్తుంది. వెనక గిటార్ వేసే గుత్తులు విను: చతుశ్శ్రుతి ధైవతం కాస్తా శుద్ధ ధైవతమై, అది పంచమానికి దిగుతుంది. ఆ పాటలో దిగులంతా ఆ అర స్వరం దిగడంలోనే ఉంది. ఇంకొకటి, శాంటో స్వరాన్ని ఊపే తీరు. మొదటి గీతల దగ్గర ఎడం ఎంత ఉంటుందో, 12వ గీత దాటాక అందులో సగమే. అంటే పైకి వెళ్లేకొద్దీ చెయ్యి ఊపు తగ్గాలి. కింద అందంగా వినిపించిన ఊపే పైన అపశ్రుతి అవుతుంది.

చివరగా రెండు రికార్డులు, మోత ఆపడం నేర్పేవి. 1927 డిసెంబరులో డాలస్‌లో బ్లైండ్ విల్లీ జాన్సన్ ఇచ్చిన 'డార్క్ వాజ్ ద నైట్'లో మాటలు లేవు, ఆయన కూనిరాగం, గిటార్, అంతే. ఒకటి వదిలిన పలుకును రెండోది అందుకుంటుంది. 1977లో వాయేజర్ నౌకలతో అంతరిక్షానికి పంపిన బంగారు రికార్డులో మన కేసర్‌బాయి కేర్కర్ గానంతోపాటు ఇదీ ఉంది. రెండోది 1993లో వచ్చిన 'ఎ మీటింగ్ బై ద రివర్'. జైపూర్‌కు చెందిన విశ్వమోహన్ భట్ తన మోహన వీణతో, అమెరికాకు చెందిన రై కూడర్ వేలికి గొట్టం తొడుక్కుని వాయించే గిటార్‌తో, కాలిఫోర్నియాలో ఒక ప్రార్థనా మందిరంలో కూర్చుని వాయించారు. అంతకు కాసేపటి ముందే ఒకరికొకరు పరిచయం. మరుసటి ఏడు గ్రామీ వచ్చింది. బహుమతి సంగతి అలా ఉంచు. ఒకరు వాయిస్తుంటే రెండోవారు ఎప్పుడు చెయ్యి తీశారో లెక్కపెట్టుకో. అక్కర్లేని తీగ మోతను కుడి అరచేతితో ఆపు, బార్ వెనక ఎడమచేతి వేళ్లు తీగల మీద ఆనించి ఉంచు. బాగా వాయించేవాడికీ రొద చేసేవాడికీ తేడా సగం అక్కడే.

మన ఊరి గాలి సంగతి కూడా మరిచిపోకు. సముద్రం దగ్గర కదా, ఉప్పుగాలికి ఉక్కు తీగ ఇట్టే తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన తీగ మీద బార్ గరగరలాడుతుంది. వాయించడం అయ్యాక పొడిగుడ్డతో తీగ అడుగువైపు కూడా తుడిచి, పెట్టెలో పెట్టి మూసెయ్యి.

ఇన్ని పేర్లు చెప్పానని అన్నీ ఒకేసారి మీద వేసుకోకు. ఒక రికార్డు తీసుకో. అందులో నీకు ఒళ్లు ఝల్లుమన్న చోటు ఒకటి పట్టుకో. అక్కడ వాద్యంలోని ఏ లోపం అడ్డుపడిందో, వాయించినవాడు దాన్ని ఎలా దాటాడో రెండు వాక్యాల్లో రాసుకో. రాయలేకపోతే ఇంకా వినలేదన్నమాట. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ ఒక్క పలుకే నా ముందు వాయించు. పాట మొత్తం తెచ్చావంటే నేను వినను.

ఇట్లు,
తాతయ్య