జమ్మలమడుగులో దిగని ప్రయాణికుడు

ప్రొద్దుటూరు



అబ్బీ, నువ్వు లువా భాషలో రాసి పంపిన బస్సు ఆట ఆడి చూశాను. ప్రొద్దుటూరులో జనాన్ని ఎక్కించుకుని జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందుల చేర్చడం! మన రోడ్లు ఒక ఆటలో కనపడటం నాకెంత సంతోషమో చెప్పలేను. జమ్మలమడుగు టిక్కెట్టు తీసుకున్నవాళ్లలో ఒకరు దిగకుండా పులివెందుల దాకా వస్తున్నారని, ఎందుకో అంతుపట్టలేదని రాశావు. లూప్ తిరుగుతుండగానే జాబితాలోంచి మనుషుల్ని తీసేస్తున్నావు, అదీ సంగతి.

బస్సులో ఐదుగురున్నారనుకో. రెండో మనిషి, మూడో మనిషి జమ్మలమడుగులో దిగాలి. వరుసగా ఒక్కొక్కరినీ చూసే నీ ఐపెయిర్స్ లూప్ ఒకటో మనిషిని చూసింది, దిగడు. రెండో మనిషిని చూసింది, టేబుల్.రిమూవ్‌తో తీసేసింది. వెంటనే మూడో మనిషి రెండో స్థానానికి, నాలుగో మనిషి మూడో స్థానానికి జరిగారు. ఆ జరగడం లూప్‌కు తెలీదు. రెండు అయిపోయింది కాబట్టి మూడుకు పోతుంది. అక్కడున్నది మొదట్లో నాలుగోవాడు. అసలు మూడోవాణ్ణి ఎవరూ అడగలేదు, వాడు కూర్చునే ఉన్నాడు. దిగాల్సినవాళ్లు జాబితాలో పక్కపక్కన ఉంటేనే ఇలా అవుతుంది. అందుకే నీకు ఒకసారి కనపడి మరోసారి కనపడలేదు.

వెనక నుంచి రా. జాబితా పొడవు దగ్గర మొదలుపెట్టి, ఫర్ లైనులో మూడో విలువగా మైనస్ ఒకటి ఇచ్చి, ఒకటి దాకా దిగు. అప్పుడు ఎవరిని తీసేసినా జరిగేది అప్పటికే చూసేసినవాళ్లే. తీసేయడమెందుకు, ఆ చోట నిల్ అని ఖాళీ పెడితే పోదా అంటావేమో. వద్దు. ఐపెయిర్స్ మొదటి ఖాళీ దగ్గరే ఆగిపోతుంది, ఆ తర్వాతివాళ్లను చూడదు. మధ్యలో ఖాళీలుంటే జాబితా పొడవును కూడా నమ్మలేం.

ఇంకొకటి నువ్వు అడగలేదు గానీ చెప్పాలి. స్టాపులకు ఊరి పేర్లే కీలుగా పెట్టి పెయిర్స్‌తో తిప్పుతున్నావు. పెయిర్స్ అన్నిటినీ చూపిస్తుంది, ఏ వరుసలో అన్నదానికి మాత్రం పూచీ లేదు. ఇవాళ సరిగ్గా వచ్చినా రేపు ముద్దనూరు ముందొచ్చి జమ్మలమడుగు తర్వాత రావచ్చు. ఏ ఊరి టిక్కెట్ల మీద ఎంత వచ్చిందో కూడటానికి పెయిర్స్ బాగా పనికొస్తుంది, అక్కడ వరుసతో పని లేదు. దారికి మాత్రం ఊళ్లను ఒకటి నుంచి అంకెల వరుసలో పేర్చి ఐపెయిర్స్ వాడు. లువాలో లెక్క ఒకటితోనే మొదలు.

ఈ భాష 1993లో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో, ఒక విశ్వవిద్యాలయంలో పుట్టింది. రాబర్టో యెరూసాలిమ్‌స్కీ, మరో ఇద్దరు కలిసి చేశారు. బయటి సాఫ్ట్‌వేర్ తెచ్చుకోవడం అప్పట్లో కష్టమైన దేశంలో తమ అవసరానికి తామే తయారుచేసుకున్నారు. తర్వాత వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లోకీ చేరింది. రోబ్లాక్స్ వాడే లువావ్ కూడా దీన్నుంచి వచ్చిందే. పులివెందుల జేఎన్‌టీయూ హాస్టల్లో కూర్చుని నువ్వు రాసేదాన్ని నేను తేలిగ్గా తీసుకోనిది అందుకే.

సరిచేశాక ఒక్కరూ లేని బస్సును నడిపి చూడు. అందరూ జమ్మలమడుగులోనే దిగే బస్సునూ నడుపు. రెండూ సాఫీగా పోతే ఆటను నాకు మళ్లీ పంపు, నీ స్నేహితుల చేత కూడా ఆడించు.

ఇట్లు,
మీ మామ