మీ మాటకు మీదైన చోటు

పామిడిముక్కల మండలంలో ఇప్పుడు వాట్సాప్ గ్రూపు లేని ఊరు దాదాపు లేదు. ఊరి పేరుతో ఒకటి, పదో తరగతి బ్యాచి పేరుతో ఒకటి, గుడి కమిటీది ఒకటి, కాలువ నీళ్ళ కోసం రైతులది ఒకటి, అమెరికాలో ఉన్న పిల్లలూ ఇక్కడున్న పెద్దలూ కలిసినది మరొకటి. వీటి మేలును కాదనలేం. వీరంకిలాకులో బస్సు దిగేలోపే ఇంటికి కబురు చేరుతుంది. డాలస్‌లో మనవడు వేసిన తొలి అడుగులు తాడంకిలో అమ్మమ్మ అదే పూట చూసుకుంటుంది. నా బాధ వేరే ఉంది. ఈ ఊళ్ళలో చక్కగా ఆలోచించగల, నాలుగు వాక్యాలు తీరుగా రాయగల యువతీయువకులు చాలామంది ఉన్నారు. వాళ్ళు తమకు తోచినదంతా స్టేటస్‌లో పెడుతున్నారు. ఇరవై నాలుగు గంటలు గడిస్తే అది ఉండదు. ఫేస్‌బుక్‌లో పెట్టినది ఉంటుంది కానీ, రెండేళ్ళ తర్వాత వెతుక్కుంటే దొరకడం కష్టం. ఇరవయ్యేళ్ళ వయసు నుంచి ముప్పై దాకా ఒక మనిషి ఏం ఆలోచించాడో, ఎలా ఎదిగాడో అతనికే ఆనవాలు మిగలడం లేదు.

వ్యక్తిత్వం అంటే బాగా మాట్లాడటం, చొరవగా ఉండటం అని మన వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చాలాకాలంగా చెబుతున్నాయి. నా దృష్టిలో అంతకన్నా ముందుండాల్సిన గుణం ఒకటుంది. ఒక ఆలోచనను పట్టుకుంటే దాని చివరిదాకా వెళ్ళగలగడం. సామాజిక మాధ్యమాలు మొదట దెబ్బ కొట్టేది దాన్నే.

అది వాళ్ళ బలహీనత వల్లే జరుగుతోందని పిల్లల్ని తిట్టడం అన్యాయం. ఆ తెరలను తీర్చిదిద్దిన తీరే అలాంటిది. ఎంత కిందికి జరిపినా అడుగు తగలని పేజీ రూపాన్ని 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ తయారుచేశాడు. దానివల్ల మనుషుల కాలం ఎంత పోతోందో చూశాక ఆయనే బహిరంగంగా విచారించాడు. ఫేస్‌బుక్‌లో లైక్ బొటనవేలు వచ్చింది 2009 ఫిబ్రవరిలో. అంతకుముందు రాసినదాన్ని ఎవరైనా మెచ్చుకోవాలంటే ఒక మాటైనా రాయాల్సి వచ్చేది. లైక్ వచ్చాక మెప్పు అంకెగా మారింది. అంకెను పక్కవాడి అంకెతో పోల్చుకోకుండా ఉండటం ఎవరికైనా కష్టమే.

పోలిక మొదలయ్యాక రాసే మనిషి తెలియకుండానే వంగుతాడు. మొదటివారం మినుము తెగులు గురించి రాస్తాడు, పన్నెండు లైకులు. రెండోవారం ఒక సినిమా హీరోను తిడతాడు, రెండొందలు. మూడోవారం ఏం రాస్తాడో చెప్పనక్కర్లేదు. నాలుగు నెలలకు అతనికి నిజంగా తెలిసిన సంగతి పక్కకు పోయి, తెలియని సంగతి మీద గట్టిగా అరవడం అలవాటవుతుంది. అబద్ధం ఆడాలని ఎవరూ బయల్దేరరు. చప్పట్లు ఎటు పడితే అటు నడుస్తారంతే. ఉయ్యూరు, బందరు కాలేజీలకు వెళ్ళే పిల్లల్లో నాకు ఎక్కువగా కనిపించే నష్టం ఇదే. నిద్ర తగ్గడం, చదువు దెబ్బతినడం బయటికి తెలుస్తాయి. ఈ వంపు తెలియదు.

ఫేస్‌బుక్ మానేస్తే ఏమవుతుందో కొలిచి చూసినవాళ్ళున్నారు. 2018లో అమెరికా మధ్యంతర ఎన్నికలకు ముందు హంట్ ఆల్కాట్, మాథ్యూ గెంట్జ్‌కో, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు కొందరికి డబ్బిచ్చి నాలుగు వారాల పాటు ఫేస్‌బుక్ ఖాతా ఆపించారు. 2020లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మానేసినవాళ్ళకు రోజుకు సగటున గంట సమయం మిగిలింది. ఇంట్లోవాళ్ళతో, స్నేహితులతో గడపడం పెరిగింది. మనసు కాస్త కుదుటపడింది, రాజకీయ పట్టుదలలు కొంత సడలాయి. ప్రయోగం ముగిశాక కూడా చాలామంది మునుపటంత వాడలేదు. అయితే వార్తలు, లోకజ్ఞానం విషయంలో వాళ్ళు కొంచెం వెనకబడ్డారు. అందుకే పూర్తిగా తెంచుకోమని నేను ఎవరికీ చెప్పను. ఆ గంట ఎక్కడికి పోవాలన్నదే నా పట్టింపు.

మరో నష్టం మనిషి దగ్గర ఆగకుండా ఊరి మీద పడుతుంది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లు వాట్సాప్‌లో రెండు తెలుగు రాష్ట్రాలనూ చుట్టబెట్టాయి. అమాయకులను పట్టుకుని కొట్టారు, ప్రాణాలు కూడా పోయాయి. ఆ జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. మన ప్రాంతానికి ఇది మరీ పదునైన సంగతి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలమందిని తీసుకుపోయింది. ఆ జ్ఞాపకం ఉన్న నేల మీద, తుఫాను హెచ్చరిక వచ్చిన రాత్రి ఎక్కడిదో పాత వీడియోను నేటిదని తిప్పితే ఎంత భయం పుడుతుందో ఊహించండి. వాతావరణ శాఖ బులెటిన్ చూసి, తేదీ సరిచూసి, అప్పుడు గ్రూపులో పెట్టే ఒక్క మనిషి ఊరికి ఎంతో మేలు చేస్తాడు. అలాంటి మనిషి కావడమూ వ్యక్తిత్వ వికాసమే.

రాయాలన్న కోరిక ఉన్నవాళ్ళకు ఇంకో దారి ఉంది, అది సొంత బ్లాగు. ఆ దారిలో తెలుగువాళ్ళు ఒకప్పుడు బాగా నడిచారు. 2005, 2006 ప్రాంతంలో కంప్యూటర్లో తెలుగు చదవడమే గగనంగా ఉండేది. ఒక్కో దినపత్రిక సైటుకు ఒక్కో ఫాంటు, ఆ ఫాంటు లేకపోతే తెర నిండా పిచ్చిగీతలు. వెన్న నాగార్జున ఆ పాత ఫాంట్ల అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ను తయారుచేశారు. 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియాను మొదలుపెట్టినదీ ఆయనే. వీవెన్ ‘లేఖిని’ని అందించారు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే పక్కనే తెలుగు పడేది, కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ ఉండేది కాదు. ఆయనే నడిపిన ‘కూడలి’లో ఆ రోజు తెలుగు బ్లాగుల్లో ఎవరు ఏ టపా (పోస్టు) రాశారో ఒక్కచోట కనిపించేది. వంటలు, పద్యాలు, ప్రయాణాలు, సాఫ్ట్‌వేర్ పాఠాలు, చిన్ననాటి ఊళ్ళు, ఎన్నెన్నో రాశారు. పొడవైన వ్యాఖ్యలతో వాదించుకున్నారు కూడా. డిసెంబరు రెండో ఆదివారాన్ని తెలుగు బ్లాగర్ల దినంగా జరుపుకున్నారు.

తర్వాత ఫేస్‌బుక్ వచ్చింది, చాలామంది అటు వెళ్ళిపోయారు. తప్పుపట్టలేం, చదివేవాళ్ళు అక్కడే ఉన్నారు. కానీ పరాయి చోట రాసుకున్నదానికి ఏం జరుగుతుందో ఆ ఏళ్ళలోనే చూశాం. 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడింది. 2019 ఏప్రిల్‌లో గూగుల్ ప్లస్ మూసేసి, జనం రాసినదంతా తుడిచేశారు. అద్దె ఇంటి గోడమీద పిల్లల ఎత్తు కొలతలు గీసుకున్నట్టే అది. సొంతంగా దాచుకున్న బ్లాగు టపాలు మాత్రం ఈనాటికీ వెతికితే దొరుకుతున్నాయి.

ఇక సాధనాల సంగతి. దీని మీద కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు.

మొదలుపెట్టడానికి బ్లాగర్ సైటు చాలు, డబ్బు కట్టక్కర్లేదు. గూగుల్ 2003లో దాన్ని కొన్నది, ఇప్పటికీ నడుస్తోంది. అదే ఏడాది పుట్టిన వర్డ్‌ప్రెస్‌లో వెసులుబాటు ఎక్కువ. అది ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ కాబట్టి ఒక కంపెనీ వద్దనుకున్నా మీ సైటును మరో సర్వరుకు తరలించుకోవచ్చు. కొన్నాళ్ళు నిలకడగా రాశాక మీ పేరుతో ఒక డొమైన్ కొనుక్కోండి. రేపు బ్లాగర్ నుంచి వేరే చోటికి మారినా చిరునామా అదే ఉంటుంది, పాఠకులు దారి తప్పరు.

తెలుగు రాయడానికి ఇప్పుడు ఫోనే సరిపోతుంది. గూగుల్ కీబోర్డు జీబోర్డులో తెలుగు పెట్టుకుంటే టైపు చేయవచ్చు, మాట్లాడినా అక్షరాలు పడతాయి. పొలం గట్టు మీద తట్టిన ఆలోచనను అక్కడే చెప్పి దాచుకోవడానికి ఇది గొప్ప సాయం. బోదె, ఊడ్పు, శివారు లాంటి మన మాటల దగ్గర అది తడబడవచ్చు. సాయంత్రం కూర్చుని సరిదిద్దుకోవాలి. రోజూ కంప్యూటర్ మీద రాసేవాళ్ళు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకుంటే మంచిది. మొదట్లో చిరాకు పెట్టినా, వేళ్ళకు అలవాటయ్యాక తెలుగును తెలుగుగానే ఆలోచిస్తూ రాస్తారు. ఒక జాగ్రత్త. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించిన వ్యాసాన్ని అలాగే బ్లాగులో అతికిస్తే ఎవరికీ అర్థం కాదు. ముందు యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చే సాధనాలు నెట్‌లో ఉచితంగానే ఉన్నాయి. అందంగా కనిపించాలంటే సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన ఫాంట్లున్నాయి. గిడుగు, గురజాడ, మండలి, ఇంకా నిమ్మకూరులో పుట్టిన రామారావుగారి పేరుతో ‘ఎన్టీఆర్’. మన పక్క ఊరి మనిషి పేరు మోసుకొచ్చిన అక్షరాలతో మన ఊరి సంగతి రాసుకోవడం నాకు ఎంతో ఇష్టమైన ఊహ.

మాట సరైనదా కాదా అన్న అనుమానం వస్తే ఆంధ్రభారతి సైటులో ఎన్నో నిఘంటువులను ఒకేసారి వెతకవచ్చు. ఫొటో అసలుదేనా అని తెలుసుకోవడానికి గూగుల్ లెన్స్‌లో వేసి, అంతకుముందు ఎక్కడెక్కడ వచ్చిందో చూడండి. ఒక వార్తాపేజీని ఆధారంగా చూపిస్తున్నప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరచండి, రేపు ఆ పేజీ మాయమైనా మీ మాట నిలబడుతుంది. ఇతరుల రాతలు చదవడానికి ఫీడ్లీ వంటి ఫీడ్ రీడర్ పెట్టుకోండి. మీరు ఎంచుకున్న పదిమంది రాసినవే, రాసిన వరుసలోనే వస్తాయి. చదివేశాక అయిపోతుంది. ఆ ‘అయిపోవడం’ మనసుకు ఎంత విశ్రాంతినిస్తుందో వాడి చూస్తేగానీ తెలియదు.

దాచుకోవడం మరవద్దు. బ్లాగర్ సెట్టింగుల్లో బ్యాకప్, వర్డ్‌ప్రెస్‌లో ఎక్స్‌పోర్ట్ ఉంటాయి. నెలకోసారి దించుకోండి. ఆ ఫైలులో రాత వస్తుంది, బొమ్మలు రావు. బొమ్మలను విడిగా ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలి. ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ (టూ-స్టెప్ వెరిఫికేషన్) తప్పనిసరి. ఎవరైనా మీ ఫొటోతో, ఖాతాతో మోసానికి దిగితే సిగ్గుపడి దాచకండి. 1930 నంబరుకు ఫోన్ చేయండి, లేదా కేంద్ర సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఆడపిల్లలకు ఇది మరీమరీ చెబుతాను. తప్పు చేసింది మీరు కాదు.

ఫేస్‌బుక్, వాట్సాప్ మాటేమిటంటే, వాటిని వార్త చేరవేసే చోటుగా వాడుకోండి. టపా మీ చోట రాసి, దాని లింకు గ్రూపులో పెట్టండి. చర్చ అక్కడే మొదలైతే, అందులో పనికొచ్చిన మాటను అడిగి తెచ్చి టపా కింద చేర్చండి. రాసే గంటలో నోటిఫికేషన్లు ఆపేయండి. టపా పెట్టాక మర్నాటిదాకా ఎంతమంది చూశారో చూడకండి. పది రోజులకు ఇది అలవాటవుతుంది.

ఇన్ని చెప్పాక ‘నాకు రాయడానికేముంది’ అంటారు. ఈ నేల మీద పుట్టినవాళ్ళు ఆ మాట అనకూడదు. 1902లో బందరులో కృష్ణాపత్రిక మొదలైంది. దివి తాలూకా ముట్నూరులో పుట్టిన కృష్ణారావుగారు 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా దానికి సంపాదకులుగా ఉన్నారు. జిల్లా పట్నంలో కూర్చుని దేశం గురించీ కళల గురించీ ముప్పై ఎనిమిదేళ్ళు రాశారు, రాయించారు. ఆయన చేతిలో అచ్చుయంత్రం, కాగితం, తపాలా తప్ప మరేం లేవు, పైన పరాయి ప్రభుత్వం. ఈ రోజు మేడూరులోనో మంటాడలోనో ఉన్న డిగ్రీ పిల్ల చేతిలోని ఫోను ఆ అచ్చాఫీసు చేసిన పనంతా చేస్తుంది. రోజూ గంట కూర్చునే ఓపిక ఆ పిల్ల తెచ్చుకోవాలి.

విషయాలు చుట్టూ ఉన్నాయి. కోతకు కొద్ది రోజుల ముందు నిలబడ్డ వరిలో మినుములు చల్లే పద్ధతి బయటివాళ్ళకు వింత. ఎప్పుడు చల్లాలో, పదును ఎలా చూడాలో మీ నాన్నకు తెలుసు. చెరకు ఉయ్యూరు ఫ్యాక్టరీకి ఎలా వెళ్ళేది, ఎవరెవరు చెరకు మానేశారు, ఎందుకు? కాలువ నీళ్ళు శివారుకు చేరని ఏడు ఏమయింది? లాకుల దగ్గర పడవలు చూసినవాళ్ళు ఇంకా ఉన్నారా? ఒక్కో ప్రశ్నకు ఒక టపా.

వీటన్నిటికన్నా ముందు ఉప్పెన. 1977లో ఇరవయ్యేళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు డెబ్బై దగ్గర పడుతోంది. ఆ రాత్రి గాలి ఎప్పుడు మొదలైంది, ఇంట్లో ఎవరెవరున్నారు, పశువులను ఏం చేశారు, దివిసీమ నుంచి మొదటి కబురు ఎవరు తెచ్చారు, ఎవరు సాయానికి వెళ్ళారు, అక్కడ ఏం చూశారు? ముందు అనుమతి అడగండి. ఫోనులో రికార్డరు ఆన్ చేసి, మధ్యలో అడ్డు రాకుండా వినండి. రాసినదాన్ని వాళ్ళకు చదివి వినిపించి, వద్దన్న మాట తీసేసి, ఊరి పేరు, విన్న తేదీ వేసి, అప్పుడు పెట్టండి. ఈ పని వచ్చే వేసవికి వాయిదా వేయవద్దు.